పరదేశమున వ్యాపారము: మూట విప్పకమునుపు తెలిసికొనవలసిన సంగతులు

(మెదకు పట్టణ పఠనమందిరమున మేము చేసిన యుపన్యాసము)



ఈ పఠనమందిరపు కార్యదర్శిగారు మమ్ము ఉపన్యసింప కోరినప్పుడు విషయము నేర్పరచుకొను స్వాతంత్ర్యమును మాకే యొసంగిరి. మేము దూరము వెదకలేదు. గడచిన నెలలో మా కచేరీకి వచ్చిన యిద్దరు మనుష్యులే మాకు విషయము నిచ్చిరి.

మొదటివాడు మన చుట్టుపట్ల పల్లెకు చెందిన రైతు. అతడు కూర్చుండకమునుపే, "వకీలు సాబ్! ఫారిన్ కంపెనోళ్లు వస్తున్నరట గద, మన భూములకు ధర వస్తదా?" అని యడిగెను. రెండవవాడు ఒక విదేశ కంపెనీ ప్రతినిధి. అతడు గడియారము చూచుకొనుచు, "ఈ సీమలో కర్మాగారము పెట్టుటకు ఎన్ని దినములు పట్టును?" అని యడిగెను. ఒకనికి ధర కావలెను, ఒకనికి దినముల లెక్క కావలెను. రెండును న్యాయమైన ప్రశ్నలే. కాని యిద్దరును ముఖ్యముగా అడుగవలసిన ప్రశ్నలను అడుగలేదు. ఆ యడుగని ప్రశ్నలే నేటి మా యుపన్యాస విషయము. పరదేశమున వ్యాపారము పెట్టువాడు ఏమేమి చూచుకొనవలెను? అతనికి చోటిచ్చు ఊరు ఏమేమి అడుగవలెను? విచారించి చూచినయెడల ఈ రెండును ఒకే పట్టికయని మీకే తెలియగలదు.

విదేశీయులు మనకు క్రొత్తవారు గారు. మన పట్టణమునకు పేరు తెచ్చిన పెద్ద చర్చిని కట్టించిన ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఆంగ్లేయుడు. 1914లో ఆరంభమైన ఆ పని 1924లో ముగిసినది. కరవు దినములలో ఆ కట్టడపు పనియే పేదలకు ఇంత కూడు పెట్టినదని మన పెద్దలు చెప్పుదురు. అది వ్యాపారము గాదు. అయినను పరదేశి తలపెట్టిన పని మన నేలపై నూరేండ్లు నిలుచుటకు ఊరివారి చేతులు అందు పడుటయే ప్రధాన కారణమని మా తలంపు. వ్యాపారమునందు మాత్రము మన పూర్వుల యనుభవము వేరుగా నున్నది. దానిని ముందు చెప్పి, పిమ్మట నేటి చట్టములలోనికి వత్తుము.

వాడి నుండి సికింద్రాబాదు వరకు రైలుమార్గము 1874లో తెరువబడినది. దానిని పొడిగించుటకై లండనునందలి పెట్టుబడిదారులతో నిజాము సర్కారు 1883లో ఒప్పందము చేసికొనెను. కంపెనీ మూలధనముపై నూటికి ఐదు చొప్పున ఇరువది యేండ్లవరకు సర్కారు వడ్డీకి హామీపడెను. అనగా రైలు లాభము తెచ్చినను తేకున్నను లండనులోని వాటాదారునకు తన ఐదు ముట్టును. రైలు తేలేని ధనమును రైతు శిస్తు పూరింపవలెను. ఈ షరతులను ప్రజలకు వెల్లడింపవలెనని నగరమున కొందరు విద్యావంతులు సభ జేరి కోరిరి. వారిలో ముఖ్యుడు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు, సరోజినీ నాయుడుగారి తండ్రి. అడిగినందులకు ఆయనకు దొరకిన ప్రత్యుత్తర మేమనగా, 1883లోనే ఆయనను రాజ్యమునుండి వెడలగొట్టుట! చాందా రైల్వే వ్యవహారమని చరిత్రకెక్కినది ఇదియే. తుదకు 1930లో సర్కారు ఆ రైల్వేను కంపెనీనుండి కొనవలసి వచ్చెను.

రెండవ యుదాహరణము గనులది. ఎల్లెందు ప్రాంతమున బొగ్గున్నదని భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1871లో కనుగొనెను. 1886లో గనుల హక్కు వాట్సన్, స్టూవర్టు అను ఇద్దరు దొరలకు దక్కినది. వారు వెంటనే లండనులో హైదరాబాదు డెక్కను కంపెనీని స్థాపించిరి. ఆ కంపెనీ వాటాలలో అధికభాగమును నగదు చెల్లింపకయే, పూర్తిగా చెల్లించినట్లు లెక్క వ్రాసి, హక్కు తెచ్చినవారు తమలో తాము పంచుకొనిరి. నిజాము సర్కారు పక్షమున బేరము నడిపిన ఉన్నతోద్యోగి సర్దారు అబ్దుల్ హక్కునకును అందు పాలుండెను. అతడు తన వాటాలను తన సర్కారుచేతనే కొనిపించెను! లండను పత్రికలలో గగ్గోలు పుట్టినది. 1888లో బ్రిటిషు కామన్సు సభ ఒక విచారణ సంఘమును నియమించినది. సర్దారుగారి యుద్యోగము ఊడినది.

సోదరులారా! ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. బొగ్గు అబద్ధము గాదు. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో ఆ వ్యాపారమే సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు దాల్చెను. 1945లో నిజాము సర్కారు అధిక వాటాలను కొనెను. నేడు అది తెలంగాణ ప్రభుత్వమునకు 51 పాళ్లు, కేంద్రమునకు 49 పాళ్లు గల ప్రజాసంస్థయై యున్నది. కావున దోషము బొగ్గులో లేదు. పరదేశపు ధనములోను లేదు. దోషము చాటుమాటు బేరములో నున్నది. గద్దెనున్న యొక్కని దయతో దొరకిన హక్కు, ఆ యొక్కడు పడిపోవగానే కొట్టుకొనిపోవును. ఊరివారి యెదుట విప్పి చూపదగిన ఒప్పందమే నిలుచును. నేడు మేము చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటయే. తక్కినది దాని వివరణము.

స్వాతంత్ర్యానంతరము మన దేశము పరదేశపు ధనమును చాలకాలము అనుమానముతో చూచినది. 1973 నాటి ఫెరా చట్టము పెక్కు విదేశ కంపెనీల వాటాను నూటికి నలువదికి కట్టడి చేసినది. అందులకు ఒడబడక కోకాకోలా కంపెనీ 1977లో వెడలిపోయి, 1993లో తిరిగి వచ్చినది. 1991లో తలుపులు తెరువబడినవి. ఫెరా స్థానమున 1999లో ఫెమా చట్టము చేయబడినది. నేడు కర్మాగారములు పెట్టుటకు చాలవరకు ఢిల్లీ అనుమతి ముందుగా నవసరము లేదు. అయినను లాటరీ, జూదము, చిట్టీల వ్యాపారము, సిగరెట్ల తయారీ, భూములు కొని లాభమునకు అమ్ముకొనుట మొదలగు వానియందు విదేశ ధనము నిషిద్ధము. మనతో భూసరిహద్దు గల దేశములనుండి వచ్చు పెట్టుబడికి 2020 ఏప్రిలు ఉత్తరువు మొదలు ప్రభుత్వానుమతి అవసరమైనది. కావున పరదేశి మొదట చూచుకొనవలసినది తన వ్యాపారము ఏ వరుసలో నున్నదనియు, తన ధనము ఏ దేశమునుండి వచ్చుచున్నదనియు.

రెండవది, ఏ రూపమున వచ్చుట? శాఖ తెరచుట సులభమని కొందరు తలంతురు. శాఖకు రిజర్వు బ్యాంకు నియమములు వర్తించును. సామాన్యముగా అది తానై సరకు తయారు చేయరాదు. పన్నును హెచ్చు. విదేశ కంపెనీ ఆదాయముపై పన్ను 2024లో నూటికి నలువది నుండి ముప్పదియైదునకు తగ్గినది. 2019 నుండి మన దేశపు కంపెనీ కొన్ని మినహాయింపులను వదలుకొన్నయెడల నూటికి ఇరువదిరెండు చెల్లించిన చాలును. పైపన్నులు వేరు. ఇందుచేత ఇచ్చటనే 2013 కంపెనీల చట్టము క్రింద పిల్ల కంపెనీని నమోదు చేసికొనుటయే పలువురు అవలంబించు మార్గము. ప్రైవేటు కంపెనీకి ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు చాలుదురు. కాని డైరెక్టర్లలో ఒక్కడైనను సంవత్సరమున 182 దినములకు తక్కువగాక ఈ దేశమున నివసించినవాడై యుండవలెను. ఈ నియమము మాకు మిక్కిలి ప్రీతికరము. చట్టము ముందు జవాబు చెప్పు మనుష్యుడు ఒకడైనను మన గడపలో దొరకవలెను గదా!

మూడవది, ధనపు లెక్క. బయటనుండి వచ్చిన సొమ్మునకు 60 దినములలో వాటాలు ఇయ్యవలెను. ఇచ్చిన 30 దినములలో రిజర్వు బ్యాంకునకు తెలుపవలెను. వాటా వెల న్యాయముగా కట్టినదేనని యోగ్యతగలవారి నిర్ణయపత్రము జతపరుపవలెను. 1886లో నగదు లేకయే వాటాలు పుట్టిన కథ వినిన మీకు ఈ నియమము ఏలనో వేరుగా చెప్ప నక్కరలేదు. గడువు తప్పినయెడల జరిమానాయే గాక, రేపు లాభమును స్వదేశమునకు పంపుకొనునప్పుడు చిక్కులు పుట్టును.

ఇక నాలుగవది భూమి. కంపెనీ ప్రతినిధి దినముల లెక్క యడిగెనంటిమి. 2014 నాటి మన రాష్ట్ర చట్టము ప్రకారము పెద్ద పరిశ్రమలకు 15 దినములలోను, తక్కినవానికి 30 దినములలోను అనుమతులు రావలెను. కాగితముమీది దినములు వేరు, పొలముగట్టుమీది దినములు వేరు. విదేశమున నివసించు విదేశీయుడు మన దేశమున వ్యవసాయభూమిని కొనరాదు. కంపెనీ పేర కొన్నను, వ్యవసాయేతర వినియోగమునకు మార్పు పొందవలెను. పేదలకు సర్కారు పంచిన లావణి పట్టా భూములను కొన్నచో 1977 చట్టముచేత ఆ క్రయమే చెల్లదు. సర్కారు పారిశ్రామికవాడలో స్థలము పుచ్చుకొనుట ఇంతకంటె నిరపాయము.

ఇచ్చట మా తప్పునొకదానిని దాచక చెప్పవలసియున్నది. మూడేండ్ల క్రిందట విదేశపు భాగస్వామి గల యొక కంపెనీ కొరకు మేము కొన్ని యెకరముల దస్తావేజులను పరిశీలించితిమి. పట్టాదారు పాసుపుస్తకము సరిగా నున్నది. ఈసీ సరిగా నున్నది. ధరణిలో పేరు సరిగా నున్నది. చెల్లునని వ్రాసి యిచ్చితిమి. ఊరికి మాత్రము పోలేదు. రిజిస్ట్రీ యయ్యెను. కడీలు పాతుటకు మనుషులు పోగా మూడు కుటుంబములవారు అడ్డముగా నిలిచిరి. పట్టాదారుని తండ్రి ముప్పదియేండ్ల క్రిందట సాదాబైనామామీద వారికి ఆ భూమి నమ్మియుండెను. నాటినుండి దున్నుచున్నవారు వారే. పాత పహాణీలో అనుభవదారు గడి యుండెడిది. 2020లో ధరణి వచ్చినపుడు ఆ గడి పోయినది. గడి పోయినంతమాత్రమున మనుష్యులు పోవుదురా? దావా నేటికిని నడచుచున్నది. కంపెనీ ధనము చిక్కుబడినది. అమ్మినవాడు తల దాచుకొనెను. ఆ కుటుంబములు వాయిదాలకు బస్సు ఛార్జీలు పెట్టుకొని వచ్చుచున్నారు. మా ఫీజు మాత్రము మాకు ముట్టినది! నాటినుండి పొలముగట్టుమీద నిలుచుండి, చుట్టుప్రక్కల దున్నువారిని పేరుపేరున అడుగక ఏ దస్తావేజుమీదను మేము సంతకము చేయుట లేదు. 2025 ఏప్రిలులో ధరణి స్థానమున భూభారతి వచ్చినది. పుస్తకము మారినను మా నియమము మారదు.

సర్కారే భూమిని సేకరించి యిచ్చునని నమ్మి కూర్చుండువారికిని హెచ్చరిక యవసరము. 2013 నాటి కేంద్ర చట్టము ప్రైవేటు కంపెనీల కొరకైన భూసేకరణకు బాధిత కుటుంబములలో నూటికి ఎనుబదిమంది సమ్మతి కావలెనన్నది. వికారాబాదు జిల్లా లగచర్ల పల్లెలో ఔషధ పరిశ్రమల కొరకు భూసేకరణ తలపెట్టగా రైతులు తిరుగబడిరి. 2024 నవంబరులో ప్రభుత్వము తన ప్రకటనను ఉపసంహరించుకొనెను. గెజిటులో అచ్చయినంతమాత్రమున భూమి చేతికి రాదని పరదేశియు స్వదేశియు ఎరుగవలెను.

ఐదవది నీరు. నాటి మన జిల్లాలోనిదే యగు పటాన్‌చెరు ప్రాంతమున 1970 తరువాత కర్మాగారములు వరుసగా వెలసినవి. వానినుండి వెడలిన విషజలము నక్కవాగున పడినది. చేలు పాడైనవి, బావులు పాడైనవి. 1990లో ఆ వ్యాజ్యము సుప్రీముకోర్టునకు పోయి, దశాబ్దముల తరబడి నడచినది. నక్కవాగు మంజీరలో కలియును. ఆ మంజీరయే మన ఏడుపాయలకు వచ్చును. కావున ఎగువనున్న కర్మాగారము మనకేమి సంబంధమని మెదకువారు అనుకొన వీలులేదు. పర్యావరణమునకు సంబంధించిన 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారము పెక్కు పరిశ్రమలకు ముందు బహిరంగ విచారణ జరుగవలెను. దానికి 30 దినముల ముందుగా పత్రికలలో తెలుపవలెను. నివేదిక సారాంశమును స్థానిక భాషలో ఇయ్యవలెను. దీనిని తంతుగా ముగించు కంపెనీ పదియేండ్ల దావాను తానే కొనితెచ్చుకొనును.

ఆరవది, మాట నిలకడ. ఇది అతిథికే గాదు, ఆతిథేయునికిని వర్తించును. ఒక విదేశ టెలిఫోను కంపెనీపై మన పన్ను శాఖ వేసిన కోట్ల పన్ను చెల్లదని 2012 జనవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఆ యేడే పార్లమెంటు వెనుకటి తేదీనుండి వర్తించునట్లు చట్టమును మార్చినది. 2020లో అంతర్జాతీయ మధ్యవర్తులు మనకు విరుద్ధముగా తీర్పిచ్చిరి. 2021లో మనమే ఆ సవరణను ఎత్తివేసితిమి. తొమ్మిదేండ్లలో మన దేశపు మాటకు కలిగిన నష్టమును ఎవరు లెక్కకట్టగలరు? కావున వివాదము వచ్చినయెడల ఏ దేశపు చట్టము, ఏ పట్టణమున విచారణ, ఎవరు మధ్యవర్తులు అను సంగతులను ఒప్పందమునందే వ్రాసికొనవలెను. వ్యాపారము ముగియునాటి సంగతియు నందే వ్రాయవలెను. మన మంబోజిపల్లి చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినపుడు చెరకు రైతులును, కార్మికులును పడిన పాట్లు మీరు చూచినవే. అందు విదేశీయుడు లేడు, అయినను పాఠ మొక్కటే. తాళము వేయునాడు కూలివాని బాకీ ఎవరు తీర్తురో, కొలిమి వెలిగించునాడే తేలవలెను.

ఇంతవరకు మేము పరదేశి మన యింటికి వచ్చినట్లు చెప్పుచు వచ్చితిమి. కాని మన తెలుగువారును పరదేశమున పరదేశులే గదా! రాజాములో జనుపనార మిల్లుతో మొదలై, శంషాబాదు విమానాశ్రయమును కట్టిన జి.ఎం.ఆర్. సంస్థ, మలేషియా భాగస్వామితో గూడి 2010లో మాల్దీవుల రాజధాని విమానాశ్రయమును ఇరువదియైదేండ్లకు పుచ్చుకొనెను. బయలుదేరు ప్రతి ప్రయాణికునినుండి 25 డాలర్ల రుసుము పుచ్చుకొనుట ఒప్పందములో నుండెను. 2011 డిసెంబరులో అచ్చటి న్యాయస్థానము ఆ రుసుము చెల్లదనెను. 2012 ఫిబ్రవరిలో అచ్చట అధ్యక్షుడు మారెను. నవంబరులో క్రొత్త ప్రభుత్వము ఒప్పందమునే రద్దుచేసెను. సింగపూరులో కూర్చున్న మధ్యవర్తులు 2014లో ఒప్పందము చెల్లునదేయని తేల్చిరి. 2016లో సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారము నిర్ణయమయ్యెను. కాగితము గట్టిగా నున్నందున ధనము తిరిగివచ్చినది. విమానాశ్రయము మాత్రము తిరిగి రాలేదు. వెనుకటి గద్దెతో చేసికొన్న ఒప్పందమునకు ఊరిలో వేరు పట్టలేదని దీని యర్థము. లండను దొరకు 1888లో దొరకిన పాఠము, నూటయిరువదియేండ్ల పిమ్మట మనవారికి మాలెలో దొరకినది.

దూరపు కొండలు నునుపని మన సామెత. పరదేశికి మన భూమి నునుపుగా కనబడును, మనకు అతని డాలరు నునుపుగా కనబడును. దగ్గరకు పోయి చూచువాడే బుద్ధిమంతుడు. కావున రైతు సోదరులకు మా మనవి యిది. ధర యెంతయని యడుగుడు, తప్పు లేదు. దానితోపాటు కొనువాడెవడు, అతని కంపెనీ ఎచ్చట నమోదైనది, ఇచ్చట నివసించు డైరెక్టరెవడు, నీరెచ్చటినుండి తెచ్చి ఎచ్చట విడుచును, మన పిల్లలకు ఏ పని యిచ్చును, మూసివేయునాడు బాకీలెవడు తీర్చును అనియు అడుగుడు. ఈ ప్రశ్నలకు జవాబు సిద్ధముగా నున్న కంపెనీకి భయము లేదు. దానిని మనము ఆహ్వానింతము. జవాబు చెప్పక దళారిని ముందుకు త్రోయువానిని గడపకావలనే నిలుపుదము.

ఈ పఠనమందిరమునకును మాదొక విన్నపము. ఇచ్చట కథలును పత్రికలును ఉన్నవి, మంచిదే. ఒక బీరువాలో మన జిల్లాకు సంబంధించిన భూసేకరణ ప్రకటనలు, బహిరంగ విచారణ నోటీసులు, నివేదికల సారాంశములు తేదీలవారీగా కూర్చి యుంచుడు. లేనివానిని 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద పది రూపాయల దరఖాస్తుతో తెప్పింపవచ్చును. దరఖాస్తులు వ్రాసిపెట్టు పని మాది. ప్రతి ఆదివారము ఉదయము ఈ బల్లయొద్దనే రుసుము లేక కూర్చుందుము. ఆ మూడు కుటుంబముల బాకీని మేము తీర్చుకొనుటకు మాకు వేరు దారి తోచలేదు.

షరతులను చూపుడని యడిగినందులకు 1883లో ఒక పండితుడు రాజ్యమునే విడువవలసి వచ్చెను. నేడు అడుగువానిని వెడలగొట్టు చట్టము లేదు. చూపవలెనను చట్టము కలదు. అడుగువారే కరవైరి. ఆ కరవు మన మెదకున లేకుండునట్లు చూచుట మీ చేతులలో నున్నది.